గడ్డి తిన్నారన్న అభియోగం చెల్లదు

ఒంగోలు టీకొట్ల దగ్గరా, నెల్లూరు ట్రంకురోడ్డులోనూ మన నాయకుల మీద ఒకటే అపవాదు: గడ్డి తిన్నారని. జీవరసాయన శాస్త్రం ముందు ఇది నిలవదని సవినయంగా మనవి చేస్తున్నాం.

మొలగొలుకుల బియ్యంలోదీ గ్లూకోజే, ఆ వరిగడ్డిలోదీ గ్లూకోజే. బియ్యప్పిండిలో అవి ఆల్ఫా 1,4 బంధాలతో మెలికలు తిరుగుతాయి. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము వాటిని ఇట్టే కోసేస్తుంది. గడ్డిలోని సెల్యులోజ్‌వి బీటా బంధాలు. ఒక గ్లూకోజ్ నిటారుగా ఉంటే పక్కది 180 డిగ్రీలు తిరగబడి ఉంటుంది. దాంతో గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుని బిగుసుకుపోతుంది. దాన్ని కోసే ఎంజైము సెల్యులేజ్ మనిషి ఒంట్లో తయారవదు. నాయకుడు మనిషేనన్న నమ్మకంతో చెబుతున్నాం.

ఒంగోలు గిత్త తినడం లేదా అంటారు. గిత్తకూ ఆ ఎంజైము లేదు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు సబ్ కాంట్రాక్టు ఇచ్చుకుంది. అవి సెల్యులోజ్‌ను పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు చేసిపెడితే ఇది బతుకుతుంది. (బినామీలు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.) వాటికీ గడ్డిని గట్టిపరిచే లిగ్నిన్ అడ్డు. ఆ బిగువు సడలించడానికే 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో కరిగించి, వరసవరసకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు మాగేస్తారు. పట్టా చిరిగితే యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా పోతుంది, బూజు పడుతుంది. విప్పాక ఘాటు పోయేదాకా ఆరనివ్వాలి. ఆరు నెలల్లోపు దూడలకూ, నెమరు వేయని జీవాలకూ పెట్టకూడదు. శాసనసభ్యులు గమనించగలరు.

రొయ్యలు తిన్న మాట నిజమే కావచ్చు, కానీ పొట్టు వదిలేశారు. పొట్టులోని కైటిన్ కూడా బీటా బాపతే. ప్రతి గ్లూకోజ్‌లోనూ రెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ (OH) స్థానంలో నత్రజని ఉన్న ఎసిటమైడ్ కూర్చుందంతే.

ఇక దాచుకున్నారన్న ఆరోపణ. మొక్క పిండిగా దాచే అమైలోపెక్టిన్‌లో 24 నుంచి 30 గ్లూకోజ్‌లకో కొమ్మ, జంతువు దాచే గ్లైకోజెన్‌లో 8 నుంచి 12కే. కొమ్మలు పెరిగేకొద్దీ కొసలు పెరుగుతాయి, అన్ని కొసల నుంచీ ఒకేసారి డ్రా చేసుకోవచ్చు. ఏర్పాటు అనుమానాస్పదమే. అయితే కాలేయంలో పట్టేది సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400. ఒక పగలూ రాత్రీ పస్తుంటే కాలేయం ఖాతా దాదాపు ఖాళీ. ఇంత చిన్న లాకరులో కాలవ పూడికతీత బిల్లులు ఎలా పడతాయి?

లాకరు నిండాక మిగిలింది కొవ్వవుతుంది. దానికి పరిమితి లేదు గానీ, అది పాలీసాకరైడ్ (చక్కెరల గొలుసు) కాదు కాబట్టి ఈ విచారణ పరిధిలోకి రాదు.