8051 గారికి, విజయనగరం నుంచి ఒక ఫిర్యాదు

8051 గారూ, నమస్కారమండి.

మీరు మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటర్. 1980లో ఇంటెల్ వాళ్ళింట పుట్టారు, నాకంటే పెద్దోరు, అందుకే మీరు అంటున్నాను గానీ కడుపుమంట కడుపుమంటే. ఇంజినీరింగ్‌లో మీమీద రికార్డు రాసీ రాసీ చెయ్యి పడిపోయింది, మీకు తాళం వేసే క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జే ఎందుకని వైవాలో అడిగితే నోరెళ్ళబెట్టాను (12తో భాగించి, 32తో భాగించి, టైమర్‌లో ఇంకో 3తో భాగిస్తే సీరియల్ తీగ మీద కబుర్లు పంపే వేగం సరిగ్గా 9600 బాడ్ వస్తుందని ముందే ఒక్కరైనా చెప్తే ఏం పోయేదో). ఇంక మీ ర్యామ్ 128 బైట్లు. ఫ్యామిలీ గ్రూపులో శుభోదయం అని తెలుగులో ఆరుసార్లు కొడితేనే 126 అయిపోతాయండీ, మిగిలిన రెండు స్టాక్‌కి (చేస్తున్న పని ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే చోటు) ఇచ్చి సంసారం చెయ్యమంటే ఎలా?

అందుకే కవిటి దగ్గర మా చిన్నాన్న, 2018 తిత్లీ తుఫానుకి పోగా మిగిలిన కొబ్బరిచెట్లకి నీళ్ళు పెట్టుకుంటూ, "ఒరే బావూ, బోరు ఎండిపోతే మోటారు దానంతటదే ఆగిపోయేలాగ ఏదేనా సెయ్యరా" అంటే మీ పేరు తల్చుకోలేదు. కరెంటు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూసి ఒక్క రిలే వదిలి, మోటారుకి కరెంటిచ్చే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చుని ఆపాలి, అంతే పని. దానికి ఏ జాతి చిప్ పెట్టాలా అని నెలన్నర ఆర్కిటెక్చర్ ఎంచుకున్నాను. ఆర్మ్ వాళ్ళ కోర్టెక్స్-ఎం3 కోరు ఉన్న ఎస్టీఎం32 చిప్ అయితే 72 మెగాహెర్ట్జ్, ఈఎస్పీ32 అయితే 240, పోనీ రిస్క్-ఫైవ్, అది ఎవడికీ లైసెన్సు ఫీజు కట్టక్కర్లేని ఇన్‌స్ట్రక్షన్ సెట్ (చిప్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా) కదా అని ఒక పొంగు. 2024లో ఆర్‌పీ2350 వచ్చింది చూడండి, ఒకే చిప్‌లో రెండు ఆర్మ్ కోర్లు, రెండు రిస్క్-ఫైవ్ కోర్లు పెట్టి బూటప్పుడు ఏది కావాలో నువ్వే తేల్చుకో అన్నారు, అంటే నా జబ్బుని తీసికెళ్ళి చిప్ లోపల పెట్టారన్నమాట.

చివరికి రిస్క్-ఫైవ్ బోర్డు బిగించాను. నీళ్ళు అయిపోగానే మోటారు ఆపింది. ఆపగానే అదీ రీసెట్ అయిపోయింది, లేచి ఏమీ ఎరగనట్టు మోటారు మళ్ళీ ఆన్ చేసింది. "దీనికి నాకన్నా మతిమరుపు ఎక్కువున్నాదేటిరా" అన్నాడు చిన్నాన్న. ఎస్టీఎం32 పెట్టాను, అదే వరస. ఈఎస్పీ32 పెట్టాను, అదే వరస, కాకపోతే ఇది వైఫైలో చెప్పి మరీ పడిపోయేది.

అప్పుడు పాత అట్టపెట్టెలోంచి మిమ్మల్ని తీశానండి. మీరూ రీసెట్ అయ్యారు. నిజం చెప్తున్నా, ఆ ఒక్క క్షణం భలే సంతోషమేసింది.

మోటార్లకి వైండింగ్ కట్టే ఆయన వచ్చి డబ్బా మూత తీసి, చిప్ వంక చూడను కూడా చూళ్ళేదు, "కాంటాక్టర్ కాయిలుకి అడ్డంగా రెసిస్టరూ కెపాసిటరూ ఎయ్యలేదేటి?" అన్నాడు. కాయిల్ వదిలినప్పుడు తన్నే వోల్టేజికే ఇన్నాళ్ళూ అన్నీ రీసెట్ అయ్యాయన్నమాట, దానికి ఆర్మ్ అనీ ఇంటెల్ అనీ కులం తేడా ఉంటుందేటి! 100 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ వరసగా కలిపి వేశాం. నాలుగు బోర్డులూ మార్చి మార్చి చూశాం, ఒక్కటీ పడిపోలేదు.

ఇంక మిమ్మల్ని కాదనడానికి నాదగ్గర కారణం లేకుండా పోయింది, అదండీ నా ఫిర్యాదు. వాన పడుతోందని ఆఖర్న చేతికేది తగిలితే అది బిగించి డబ్బాకి ఎం-సీల్ కొట్టేశాం, లోపల ఎవరున్నారో నాకూ గుర్తులేదు. మీరే అయితే, సాయంత్రం నాలుగు దాటాక బోరులో నీళ్ళు దిగిపోతాయి, కాస్త చూసుకోండి.

ఇట్లు,
మీ రికార్డు పక్కోడిది చూసి రాసినోడు