మూడో మనిషి ఎక్కడ కూర్చోవాలి?

ఆరేళ్లుగా నేను రెండు సీట్ల కారులో ఉద్యోగానికి వెళ్లొస్తున్నాను. మాజ్దా ఎంఎక్స్-5, నాలుగో తరం, మాన్యువల్ గేరు, గుడ్డ టాపు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మన అసోసియేషన్ కార్యక్రమాలకు వచ్చినప్పుడల్లా పార్కింగ్‌లో ఎవరో ఒకరు ఆగి, కారు చుట్టూ తిరిగి చూసి, "బాగుందండీ, కానీ రోజూ దీంట్లోనే ఎలా తిరుగుతారు?" అని అడుగుతారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో రెండు కార్లున్నప్పుడు రెండూ ఐదేసి సీట్లవే కానక్కర్లేదు. ఒకటి రెండు సీట్లదైతే రోజువారీ పనులేవీ ఆగవు. ఇంటికి ఒక్కటే కారైతే మాత్రం డిక్కీ ఎంత, మైలేజీ ఎంత అని చూసేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మీరు తరచుగా ఎక్కించుకోవాల్సిన మూడో మనిషి ఉన్నారా? ఉంటే ఆ కారు మీకు వద్దు.

ఉదయం ఆఫీసు వేళ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క బండ్లలోకి ఒకసారి చూడండి. ఏడు సీట్ల బండిలో ఒక్కరే ఉంటారు. దాని వెనక బండిలోనూ ఒక్కరే. నేను ఈ కారు కొనేముందు మూడు నెలలపాటు నా పాత సెడాన్ తీసినప్పుడల్లా అందులో ఎంతమంది ఎక్కారో ఫోన్లో రాసుకున్నాను. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి... ఇలాగే సాగింది. కుటుంబమంతా కలిసి వెళ్లిన రోజుల్లో ఎలాగూ మావారి కారే తీశాం, అది పెద్దది కనక. నా కారు వెనక సీటు మీద గొడుగు, ఒక స్వెట్టరు తప్ప ఏమీ ప్రయాణం చేయలేదు. ఏడాదిలో నాలుగైదు రోజులు అవసరపడతాయేమోనని మిగతా రోజులన్నీ ఆ సీట్ల బరువును మోసుకుంటూ తిరిగాను. ఆ లెక్క చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

ఇక సామాను సంగతి. అందరూ ముందు అడిగేది ఇదే. నా కారు డిక్కీ 130 లీటర్లు. చిన్నదే. కానీ రెండు సీట్ల కార్లన్నీ ఒకే రకం అనుకోవడం పొరపాటు. బీఎండబ్ల్యూ జెడ్4 డిక్కీ 281 లీటర్లు. ఇంజన్ సీట్ల వెనక, కారు మధ్యలో ఉన్న కొత్త షెవర్లే కార్వెట్‌లో ముందూ వెనకా కలిపి దాదాపు 357 లీటర్లు. ఐదుగురు కూర్చునే ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డిక్కీ సుమారు 380 లీటర్లంటే, కార్వెట్ దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. పోర్షే బాక్‌స్టర్‌లోనూ ఇంజన్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. అయితే ఇంజన్ పక్కనే ఉండే వెనక డిక్కీ ప్రయాణంలో వేడెక్కుతుంది. మందులు, కరిగిపోయే వస్తువులు ముందువైపు పెట్టుకోవాలి. కార్వెట్‌లో పైకప్పు పలకను విప్పి వెనక డిక్కీలో పెడితే ఆ చోటంతా దానికే సరిపోతుంది. ఇలాంటివి కేటలాగ్‌లో అంకెలు చూస్తే తెలియవు.

డిక్కీలో అసలు చిక్కు లీటర్లతో రాదు, ఆకారంతో వస్తుంది. మెత్తని బ్యాగులైతే నా 130 లీటర్లలో ఇద్దరికి నాలుగు రోజుల బట్టలు పడతాయి. విమానంలో పైన పెట్టుకునే సైజు సూట్‌కేసులు రెండు పడతాయి. అదే చెక్ఇన్‌లో వేసే గట్టి పెట్టె ఒక్కటి కూడా దిగదు. ఎటు తిప్పినా దిగదు. మామూలు కారులో వెనక సీటు మడిచి పొడవాటి వస్తువును తోసేయొచ్చు, ఇందులో మడవడానికి సీటే లేదు. వారానికి సరిపడా సరుకులు హాయిగా తెచ్చుకుంటాను. పక్క సీటు ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువే తెస్తాను. కానీ ఒక టేబులో, టీవీయో కొంటే ఇంటికి పంపించమని చెప్పక తప్పదు. ఆరేళ్లలో అలాంటి సందర్భాలు ఎన్ని వచ్చాయని ఆలోచిస్తే వేళ్ల మీద లెక్కపెట్టగలను.

చిన్న చిన్న ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. నా కారులో డ్యాష్‌బోర్డుకు అర లేదు. కాగితాలు, తాళాలు సీట్ల మధ్య వెనకవైపున్న చిన్న పెట్టెలో పెట్టాలి, దానికోసం చెయ్యి వెనక్కి తిప్పాలి. స్టెప్నీ కూడా లేదు, దాని బదులు పంక్చర్ మందు, గాలి పంపు ఇచ్చారు. టైరు అడుగున మేకు దిగితే ఆ మందు పనిచేస్తుంది. పక్క గోడ చీలితే మాత్రం టోయింగ్ బండి కోసం ఎదురుచూడాల్సిందే. ఒకసారి రాత్రి పదకొండు గంటలకు హైవే పక్కన నాకా అనుభవం అయింది. ఒంటరిగా దూరాలు తిరిగేవాళ్లు ఈ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. రోడ్డు పక్క సాయం వచ్చే ఏర్పాటు ముందే చేసుకోండి.

ఎత్తు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ కారులో కూర్చుంటే మీ కళ్లు పెద్ద బండ్ల డోరు హ్యాండిళ్ల ఎత్తులో ఉంటాయి. ముందున్న బండి అవతల ఏం జరుగుతోందో కనిపించదు. కాబట్టి మామూలు కంటే ఎక్కువ దూరం వదిలి నడపాలి. లారీ పక్కన ఎక్కువసేపు ఉండకూడదు, ఆ డ్రైవరుకు మనం కనిపించకపోవచ్చు. రాత్రిపూట వెనక వచ్చే ఎత్తు బండ్ల లైట్లు సరిగ్గా అద్దాల్లో పడతాయి. టాపు వేసి ఉన్నప్పుడు వెనక మూలలు కనిపించవు, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉన్న మోడల్ తీసుకుంటే మంచిది. మొదట్లో నాకు ఇదంతా టెన్షన్‌గానే ఉండేది. కొన్ని నెలలకు అలవాటైంది. ఇంకో మాట కూడా నిజం. ఈ కారు కొన్నాకే నేను రోడ్డును శ్రద్ధగా చూడటం నేర్చుకున్నాను.

స్పీడ్ బ్రేకర్లు, ఏటవాలు పార్కింగ్ ర్యాంపులు నేరుగా కాకుండా కాస్త ఐమూలగా ఎక్కిస్తే చాలు, అడుగు తగలదు. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఇలా ఇంజన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లే కారంటే మంచులో జారుతుందని భయం. ఆ భయం చాలావరకు టైర్ల గురించి ఉండాలి. వేసవి టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. స్పోర్ట్స్ కార్లకు చాలావాటికి అవే వేసి ఇస్తారు. మంచి వింటర్ టైర్లు వేస్తే మామూలు మంచులో నడపొచ్చు. కారు అడుగు భాగం తగిలేంత మంచు పడితే ఆ రోజు దాన్ని బయటికి తీయకూడదు. పెట్రోలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కారు బరువు టన్ను కంటే కొంచెమే ఎక్కువ కాబట్టి లీటరుకు 12 కిలోమీటర్ల దాకా వస్తుంది.

రెండు సీట్ల కారు అంటే ఆదివారం బొమ్మ అనే అభిప్రాయానికి ఒక చరిత్ర ఉంది. 1962లో వచ్చిన ఎంజీబీ, లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ రోడ్‌స్టర్లను, అంటే టాపు తీసే రెండు సీట్ల కార్లను, జనం ఎంత ప్రేమించారో, వాటి ఆయిల్ లీకులతో, వైరింగ్ తిప్పలతో అంత వేగారు. అలాంటి కారును నమ్ముకుని సమయానికి ఆఫీసుకు వెళ్లడం కష్టమే. 1989లో షికాగో ఆటో షోలో మాజ్దా తన చిన్న రోడ్‌స్టర్‌ను, అంటే మొదటి తరం ఎంఎక్స్-5ను చూపించింది. దానిది పాత బ్రిటిష్ కార్ల తీరు. తాళం తిప్పితే మాత్రం రోజూ మామూలు ఫ్యామిలీ కారులా స్టార్టయ్యేది. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలన్నది ఆ ఇంజనీర్లు పెట్టుకున్న సూత్రం. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. వాటిలో చాలా కార్లు ఇప్పటికీ వానలో, ఎండలో ఉద్యోగాలకు వెళ్లొస్తూనే ఉన్నాయి. 1990లో హోండా ఎన్ఎస్ఎక్స్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది. చుట్టూ బాగా కనిపించాలని దాని క్యాబిన్‌ను ఎఫ్-16 యుద్ధవిమానం కాక్‌పిట్ స్ఫూర్తితో తీర్చారు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారును రూపొందించిన గోర్డన్ మర్రే స్వయంగా ఎన్ఎస్ఎక్స్ కొనుక్కుని ఏళ్ల తరబడి నడిపారు. ఆయన రూపొందించిన ఎఫ్1లో డ్రైవరు మధ్యలో కూర్చుంటే అటూ ఇటూ ఇద్దరికి చోటుంటుంది. అంటే మూడో మనిషి గురించి ఆయనా ఆలోచించారన్నమాట.

వేగం కోసం నేను ఈ కారు కొనలేదు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో మలుపు తిరిగినా స్టీరింగ్‌లో రోడ్డు తెలుస్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి దిగులుగా బయల్దేరిన రోజు, సిగ్నల్ దగ్గర ఒక్క చేత్తో టాపు వెనక్కి తోస్తాను. నాలుగైదు సెకన్ల పని. ఇంటికి చేరేలోపు ఆ దిగులు తగ్గిపోతుంది. రోజుకు గంటన్నర రోడ్డు మీద గడిపే మనిషికి ఇది చిన్న ప్రయోజనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పనికొచ్చేది అంటే సామాను పట్టేది మాత్రమే అని మనం ఎందుకు అనుకోవాలి?

ఇంత చెప్పాక పిల్లల మాట తప్పకుండా చెప్పాలి. మా అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక నేను ఈ కారు కొన్నాను. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడైతే కొనేదాన్ని కాదు. వెనక్కి తిప్పి కట్టే పసిపిల్లల సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. చిన్న ప్రమాదం జరిగినా తెరుచుకునే ఆ బ్యాగు బిడ్డ ప్రాణం తీయగలదు. రెండు సీట్ల కార్లలో కొన్నిటికి ఆ ఎయిర్‌బ్యాగ్‌ను తాళంతో ఆపే స్విచ్ ఉంటుంది, కొన్నిటిలో సెన్సర్ చూసుకుంటుంది, కొన్నిటిలో పిల్లల సీటు అసలే వద్దంటారు. మాన్యువల్‌లో ఏం రాశారో చదవకుండా ఎవరి మాటా నమ్మొద్దు. కాస్త పెద్ద పిల్లలకైనా పదమూడేళ్లు నిండేదాకా వెనక సీటే క్షేమమని నిపుణులు చెబుతారు. ఇందులో వెనక సీటే లేదు. "అప్పుడప్పుడే కదా" అని సర్దుకునే విషయం కాదిది. ఇంట్లో చిన్నపిల్లలుండి, ఒక్కటే కారు ఉండి, అయినా ఇది కొనాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఒక్కటే. కొన్నేళ్లు ఆగండి. ఈ కార్లు ఎక్కడికీ పోవు.

కొనాలనుకునేవాళ్లు పావుగంట టెస్ట్ డ్రైవ్‌తో నిర్ణయించుకోవద్దు. పావుగంటలో అందరికీ నచ్చుతుంది. వారం రోజులకు అద్దెకు తీసుకోండి. వానలో నడపండి, సరుకులు తెండి, ఇరుకు పార్కింగ్‌లో పెట్టి ఆ పొడవాటి తలుపు సగం తెరిచి దిగి చూడండి. హైవే మీద టాపు వేసుకుని రెండు గంటలు వెళ్లి, ఆ హోరు మీకు పడుతుందో లేదో తెలుసుకోండి. మీరు తరచుగా ఎక్కించుకునే వాళ్లలో అందరికంటే పెద్దవాళ్లను తప్పకుండా పక్కన కూర్చోబెట్టండి.

ఆ చివరి పని నేను కొనేముందు చేయలేదు. అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు సంతోషంగా కారు తలుపు తీశాను. మొదట సీటు మీద కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోమని చెప్పాను. ఎక్కడం ఎలాగో ఎక్కింది. దిగేటప్పుడు మోకాళ్లు సహకరించలేదు. నేను రెండు చేతులూ పట్టుకుని లేపుతుంటే, "పర్లేదమ్మా, నువ్వు కంగారు పడకు" అంది. నొప్పి ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది. ఆ రోజు ఇంటికి ఎలా తీసుకెళ్లాలా అని కారు పక్కన చాలాసేపు నిలబడ్డాను. మావారికి ఫోన్ చేస్తే తన కారు తీసుకొచ్చారు.

అప్పటినుంచి అమ్మ వచ్చే రోజు మేం తాళాలు మార్చుకుంటాం. ఆమె ఉన్నన్నాళ్లూ పెద్ద కారు నా దగ్గర ఉంటుంది. ఆయన నా చిన్న కారులో ఆఫీసుకు వెళ్తారు. సాయంత్రం ఆయన టాపు తీసుకుని రావడం కిటికీలోంచి చూసి, "ఇదిగో, అల్లుడుగారు వచ్చారు" అని అమ్మే వెళ్లి తలుపు తీస్తుంది.