చదరపు అడుగు లెక్కలో భద్రతకు పద్దేదీ?

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అయినా భవన నిర్మాణ కూలీల విషయంలో హెల్మెట్లు పంచి అవగాహన సదస్సు పెట్టే పాత ఆనవాయితీయే సాగుతోంది. నెల్లూరులోనో ఒంగోలులోనో కడుతున్న ఏ అపార్ట్‌మెంటు దగ్గరైనా పని ఎలా అప్పగించారో విచారిస్తే, లోపం కూలీ అవగాహనలో కన్నా అతడిని అక్కడికి రప్పించిన ఒప్పందంలోనే ఎక్కువగా ఉందని తెలుస్తుంది.

ఆ ఒప్పందం చాలాచోట్ల నోటిమాటే. బిల్డరు సెంట్రింగ్‌ను ఒక మేస్త్రీకి, కడ్డీ కట్టే పనిని ఇంకొకరికి, ప్లాస్టరింగును మరొకరికి చదరపు అడుగు లెక్కన అప్పగిస్తాడు. ఆ రేటులో కూలి ఉంటుంది, మేస్త్రీకి కాస్త మిగులూ ఉంటుంది. సారవను, అంటే కూలీలు ఎత్తున నిలబడి పనిచేసే కర్రల మంచెను, గట్టిగా కట్టడానికి పట్టే పూటకు మాత్రం అందులో చోటుండదు. శ్లాబు అంచున అడ్డుకంచె బిగించినా, చీలిన సర్వి కర్రలను తీసి కొత్తవి వేసినా, రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం పని ఆపించినా ఆ ఖర్చంతా మేస్త్రీ మిగులులోంచే పోవాలి. వేగానికి డబ్బిచ్చి, జాగ్రత్తను ఊరికే చేసిపెట్టమనడం ఎక్కడి న్యాయం?

బెల్టులు ఇచ్చినా కూలీలే పక్కన పడేస్తారని బిల్డర్లు అంటారు. కొందరు పడేసే మాట నిజమే. కానీ కొక్కెం తగిలించడానికి గట్టి ఆధారమే లేని చోట నడుముకు బెల్టు ఉన్నా లేకపోయినా ఒకటే.

ప్రభుత్వ పనుల తీరూ ఇందుకు భిన్నంగా లేదు. అంచనా విలువ మీద ఎక్కువ లెస్‌కు (తగ్గింపుకు) కోట్ చేసినవారికే పని దక్కుతుంది. భద్రత ఖర్చు ఓవర్‌హెడ్‌లలో (ఇతర నిర్వహణ ఖర్చుల్లో) కలిసిపోయి ఉన్నంతకాలం, లెస్ పెరిగేకొద్దీ ముందు కోత పడేది దానికే. అందుకే టెండరులో దాన్ని విడి పద్దుగా, లెస్ వర్తించని స్థిర మొత్తంగా చూపాలి. నెట్లు, నిచ్చెనలు, నీడ, తాగునీరు సైటులో కంటికి కనిపించిన మేరకే బిల్లు పాస్ చేయాలి. రామాయపట్నం పోర్టు, వెలిగొండ సొరంగాల వంటి భారీ పనులు చూసిన ప్రాంతానికి ఇది అసాధ్యమేమీ కాదు. పారిశుద్ధ్యం మొదలు ఆసుపత్రుల శుభ్రత వరకు ప్రతి పనినీ తక్కువ ధర పలికినవారి చేతిలో పెట్టడాన్నే పొదుపుగా చెప్పుకునే పాలన, ఆ తగ్గింపును చివరికి ఎవరి ఒంటి మీద వసూలు చేస్తోందో ఎన్నడూ లెక్క చూసుకోలేదు.

కొత్త కోడ్ కాంట్రాక్టు కార్మికుల సంక్షేమ వసతులను ప్రధాన యజమాని, అంటే కాంట్రాక్టరుకు పని అప్పగించినవారి, బాధ్యతగా మార్చింది, సంతోషం. అయితే 1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది కార్మికులున్న కాంట్రాక్టరుకు వర్తిస్తే, ఇప్పుడా పరిమితి 50కి పెరిగింది. పది పదిహేను మందితో తిరిగే మన మేస్త్రీ ముఠాలు అప్పుడూ లెక్కలోకి రాలేదు, ఇప్పుడూ రావు. కూలీ చనిపోతే ప్రధాన యజమాని ముందు పరిహారం చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చన్న సూత్రం 1923 నాటి పరిహార చట్టం నుంచే ఉంది. ప్రాణం పోయాక యజమానిని గుర్తించగలిగిన చట్టం, ప్రాణం ఉండగా ఎందుకు గుర్తించలేదు?

నిర్మాణ వ్యయంపై ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు చెల్లించాలని 1996 నుంచే చట్టం ఉంది. ప్లాను ఆమోదం వేళ ఆ సొమ్ము కట్టించుకునే మున్సిపాలిటీ, ఏ పని ఏ మేస్త్రీది, అతడి రేటులో భద్రతకు విడిగా ఎంత చూపారు అన్న వివరాలతో బిల్డరు సంతకం చేసిన పత్రాన్ని కూడా అదే ఫైలులో తప్పనిసరి చేయాలి.