సాకెట్ ఒక్కటే చూస్తే చాలదు
సొంతంగా కంప్యూటర్ కూర్చుకోవడం గురించిన వ్యాసంలో, ప్రాసెసర్, మదర్‌బోర్డ్‌ల సాకెట్ (ప్రాసెసర్‌ను బిగించే గూడు) రకం ఒకటైతే చాలని రాశారు. అంత తేలిక కాదండీ. నేను బీ450 మదర్‌బోర్డులో రైజెన్ 5600 ప్రాసెసర్ పెట్టాను, రెండూ ఏఎమ్4 సాకెట్‌వే. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. బోర్డులో ఉన్నది పాత బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్), దానికి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు! మిత్రుడి పాత ప్రాసెసర్ అరువు తెచ్చి బయోస్ అప్‌డేట్ చేశాకే ప్రాణం వచ్చింది. కొనేముందు బోర్డు తయారీదారు సైట్‌లో సీపీయూ (ప్రాసెసర్) సపోర్ట్ జాబితా తెరిచి, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూడండి.

ర్యామ్ సంగతీ అంతే. డెస్క్‌టాప్ ర్యామ్ రకాలైన డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, కానీ గాటు ఉన్న చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. ఇంటెల్ ప్రాసెసర్ల ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండు రకాలూ ఉన్నాయి మరి. అన్నట్టు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు కేబినెట్‌లో పడుతుందో లేదో కూడా కొలుచుకోండి.