ఖాళీ భూమి అని ఎవరన్నారు?

నందికొట్కూరు దగ్గర ఒక గడ్డి బీడులో నడుస్తుంటే గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన "ఆగప్పా, కాలు పెట్టొద్దు" అని గట్టిగా అరిచాడు. కిందికి చూస్తే నాకు గులకరాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన వంగి వేలితో చూపించాక తెలిసింది, వాటిలో నాలుగు తీతువు పిట్ట గుడ్లని. గూడు లేదు, పుల్ల లేదు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిరిగి ఉన్నాయి. తల్లి పిట్ట మా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే అపశకునమని చిన్నప్పుడు మా ఇంట్లో అనేవాళ్లు. గుడ్లు ఎక్కడ తొక్కేస్తామోనన్న టెన్షన్‌తో అది అలా అరుస్తుందని ఆ పొద్దున అర్థమైంది.

ఇలాంటి నేలను రెవెన్యూ రికార్డుల్లో బంజరు అనో, పోరంబోకు అనో రాస్తారు. పోరంబోకు అంటే మొదట్లో శిస్తు లెక్కకు బయట ఉన్న భూమి అని మాత్రమే. ఊరి చెరువు, బాట, వల్లకాడు, పశువులు మేసే చోటు అన్నీ అందులోకే వచ్చేవి. అందరివీ కాబట్టి ఎవరి దగ్గరా పన్ను వసూలు చేయని జాగాలవి. ఇప్పుడు ఆ మాట తిట్టుగా మారింది. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు అంటాం. మాట దిగజారిన దారిలోనే ఆ భూమి మీద మన గౌరవమూ దిగజారింది.

దున్నని నేల వృథా అన్న ఆలోచనకు పాత చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో తత్వవేత్త జాన్ లాక్ ఆస్తి హక్కు గురించి రాస్తూ, మనిషి శ్రమ పడకుండా ప్రకృతికి వదిలేసిన భూమిని వృథా భూమి కిందే లెక్కగట్టాడు. శిస్తే ప్రధాన ఆదాయమైన ఈస్టిండియా కంపెనీ పాలనకు ఆ ఆలోచన బాగా అక్కరకొచ్చింది. శిస్తు రాని నేలంతా ఏదో ఒకటి చేసి బాగు చేయాల్సిన నేల అయిపోయింది.

ఆ బాగుచేత ఎలా ఉంటుందో కడప చూసింది. 1877 ప్రాంతంలో మద్రాసు అటవీ అధికారులు విదేశాల నుంచి ఒక ముళ్లచెట్టు విత్తనాలు తెప్పించి అక్కడ నాటించారు. మెట్ట నేలలకు పచ్చదనం, జనానికి వంటచెరకు వస్తాయన్నది ఉద్దేశం. అదే మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు. వంటచెరకు వచ్చిన మాట నిజం. ఎన్నో పేద ఇళ్లలో పొయ్యి వెలిగింది దానితోనే, బొగ్గు బట్టీల వాళ్లకు కూలి దొరికింది. కానీ చెరువు గర్భాల్లో, కాలువ గట్ల మీద, పచ్చిక బీళ్లలో అది అల్లుకుపోయాక కింద గడ్డి మొలవడం కష్టమైంది. నాటినవాళ్లు దుర్మార్గులని నేననను. అక్కడ అప్పటికే ఏముందో వాళ్ల కళ్లకు కనబడలేదు, అంతే.

అప్పటికే అక్కడున్న వాటిలో కలివికోడి ఒకటి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని జాడ పట్టడంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడికి సాయపడింది ఒక స్థానిక వేటగాడు. పుస్తకాల్లో మాయమైన పిట్టకు ఊళ్లో పేరు ఇంకా బతికే ఉంది. రాత్రిపూట తిరిగే ఈ పిట్ట కోసం పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడిన అడుగుల గుర్తులు వెతికేవారు. దానికి చిక్కటి అడవి పనికిరాదు, బొత్తిగా చదును చేసిన నేలా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య కాస్త జాగా ఉండాలి. మన కంటికి పాడుబడ్డట్టు కనిపించే ఆ జాగాయే దానికి ఇల్లు.

ఇక మన కాలానికి వస్తే, దేశంలోని వృథా భూముల అట్లాస్‌ను ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. అందులో పొదలున్న భూమి కూడా వృథా భూమి రకాల్లో ఒకటి. మరోవైపు అటవీ విస్తీర్ణం లెక్కల్లో, కనీసం ఒక హెక్టారు జాగాలో 10 శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది ఏ చెట్టయినా, ఎవరి భూమయినా అడవి కిందికే వస్తుంది. అంటే మామిడి తోట అడవి అవుతుంది, కలివికోడి తిరిగే పొదల నేల వృథా అవుతుంది. ఉపగ్రహం తప్పేమీ చూడలేదు. దానికి మనం ఇచ్చిన గడుల్లోనే ఉంది తప్పు. శాస్త్రం కొలిచేది కూడా అంతకుముందే మనం విలువ ఉందనుకున్న దాన్నే.

2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద గొడవ జరిగినప్పుడు వాదనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: అది అడవా, కాదా? రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వం చెప్పింది. చెట్లు, జింకలు, నెమళ్లు ఉన్నాయి కదా అని విద్యార్థులు అడిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. నేను విద్యార్థుల పక్షమే. అయినా ఒక సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. కంచ అంటే తెలంగాణలో పశువులు మేసే గడ్డి భూమి. ఊరి పేరులోనే భూమి స్వభావం ఉంది. దాన్ని కాపాడుకోవడానికి మాత్రం అడవి అని నిరూపించుకోవాల్సి వచ్చింది. కంచను కంచగా కాపాడే మాట మన దగ్గర లేకపోయింది.

రక్షణ ప్రకటిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. సుమారు 614 హెక్టార్లు. కృష్ణజింకలు పెరిగి పక్క పొలాల్లో పడ్డాయి, రైతులకు కోపం వచ్చింది. చుట్టుపక్కల నీటి వసతి వచ్చి పంటలు మారాయి. బట్టమేకపిట్ట మాత్రం తగ్గుతూ పోయింది. సాధారణంగా ఏడాదికి ఒకటే గుడ్డు, అదీ నేల మీదే పెట్టే పిట్ట అది. దానికి కావలసింది కంచె లోపలి నేల ఒక్కటే కాదు. చుట్టూ మైళ్ల కొద్దీ జొన్న చేలు, బీళ్లు, వాటిని మేసే మందలు కూడా కావాలి. అభయారణ్యమన్న ఆలోచన వాటిని గీత అవతల వదిలేసింది.

ఇప్పుడు సోలార్ పార్కుల వంతు. కర్నూలు ప్రాంతంలో 1000 మెగావాట్ల పార్కు నడుస్తోంది, ఇంకా వస్తాయి. బొగ్గు తగ్గాలంటే అవి రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ప్రతిసారీ స్థలం వెతికేటప్పుడు ముందుగా వినబడే మాట "నిరుపయోగ భూమి". గడ్డి నేలలు కర్బనాన్ని ఎక్కువగా మట్టిలోనే దాచుకుంటాయి. వాతావరణం కోసమే చేసే పనిలో ఆ మట్టిని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా? మంద తోలుకెళ్లేవాళ్ల నష్టమూ ఎక్కడా కనిపించదు. కోతలయ్యాక రాత్రిపూట పొలంలో మందను నిలిపి ఎరువు వేయించుకునే రైతుకు కూడా ఆ మంద వేసవిలో ఎక్కడ మేస్తుందన్న చింత ఉండాలి కదా.

నేనడిగేది పెద్దదేమీ కాదు. ప్రభుత్వ భూమి ఏదైనా ఎవరికైనా కేటాయించే ముందు ఒక ఏడాది పొడవునా, వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఆ నేల మీద నడిచి చూడాలి. ఏ మంద ఏ నెలలో వస్తుంది, ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుంది, వాన నీళ్లు ఎటు పారతాయి అన్నది రాసి గ్రామసభలో చదివి వినిపించాలి. నడిచేటప్పుడు సర్వేయరు పక్కన ఆ ఊరి గొర్రెల కాపరి ఒకరు ఉండాలి, ఆ రోజుల కూలి ప్రభుత్వమే ఇవ్వాలి.