కథలు లేకపోతే చిన్న దేవతేనా?

ప్రాచీన గ్రీకుల పొయ్యి దేవత హెస్తియా గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. ఆమెకి పురాణ కథలు పెద్దగా లేవు కాబట్టి ఆమె చిన్న దేవత అని అందులో తేల్చేశారు. నేనైతే ఒప్పుకోను. ఏథెన్స్‌లో బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే ఆంఫిడ్రోమియా అనే వేడుకలో పసికందును ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిప్పేవారు. కొత్త పెళ్లికూతురిని పొయ్యి దగ్గరికి తెచ్చి తల మీద ఎండు అంజీరలు, ఖర్జూరాలు, గింజలు కుమ్మరించేవారు. కొత్తగా కొన్న బానిసకూ ఇదే తంతు! అంటే ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు ఆమె ఎదుటికి రావాల్సిందే. వలస వెళ్లేవాళ్లు కూడా ఊరి పొయ్యి ఉండే ప్రిటానియన్ అనే భవనం నుంచే నిప్పు పట్టుకెళ్లేవారు. ఇంకో మాట, గ్రీకు దేవతల రాజు జ్యూస్ (Zeus) కోసం ఇంటి కొట్టుగదిలో పెట్టే కుండ గురించి మీరు అసలు రాయలేదు. రెండు చెవుల కొత్త కుండకు తెల్ల ఉన్ని చుట్టి, అందులో నీళ్లు, ఆలివ్ నూనె, పళ్లు వేసేవారు. వీలైతే దాని మీదా ఒక వ్యాసం రాయండి.