షేప్‌ఫైల్ సామికి ఒక చెరువు మనవి

షేప్‌ఫైల్ సామీ,

మ్యాపులో చోట్లు దాచే ఫైలు రకానివి కదా నువ్వు, తిరుపతి నుంచి నీకు రాస్తున్నా. రాత్రి పదకొండయింది, నా చెరువుల పట్టిక, అదే సీఎస్వీ ఫైలు, ఇంకా నీ కడుపులోకి సరిగ్గా దిగలేదు. ఆ సీఎస్వీలో ఏముందని, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఊరి పేరు, చెరువు పేరు, చోటు చెప్పే రెండు అంకెలు, మధ్యలో కామాలు, మా నాయన కూడా చదివేస్తాడు. నిన్ను తెరిస్తే మాత్రం అన్నీ పిచ్చి గీతలే. బైనరీవి కదా, మనుషులతో నీకు పనిలేదు, సరే. కానీ 1998 నాటి నీ వివరణ పత్రం చదివా సామీ, మొదట్లో 9994 అనే నీ గుర్తు సంఖ్యనేమో పెద్ద బైటు ముందు పెట్టి రాస్తావు, కొన్ని మెట్లు దిగగానే చిన్న బైటు ముందంటావు. ఒకే జాబు సగం ఎడమ నుంచి, సగం కుడి నుంచి రాసేవాళ్లని ఎక్కడా చూళ్లేదు.

పోనీ ఒంటరిగా వస్తావా? ఎస్‌హెచ్‌పీ అనే ఫైలు వెనకాల ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, ఇంకా పీఆర్‌జే, సీపీజీ, పెళ్లికి పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు. మొన్న ఒకాయనకి వాట్సాప్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపితే "తెరుచుకోలా తమ్ముడూ" అన్నాడు.

అసలు ఏడుపు పేర్లూ వివరాలూ పట్టికగా దాచే డీబీఎఫ్‌తో. కాలమ్ పేరుకి 10 బైట్లే ఇస్తావు. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతం గుర్తుకి మళ్లీ 3. "చెరువు" అని పెడితే 18 అయింది. నువ్వు కోసేశాక మిగిలింది "చెర", పక్కన విరిగిన బైటు ఒకటి. ఆ చెరలో ఉన్నది నేనేలే, అది వేరే సంగతి. ఇంగ్లీషులో "ట్యాంక్" అని ఇస్తే మాత్రం గమ్మున మింగుతావు.

నా తప్పూ ఒకటుంది, దాచను. ఎక్స్ (రేఖాంశం), వై (అక్షాంశం) కాలమ్‌లు తారుమారుగా ఇచ్చా. రాయలచెరువు అక్షాంశం 13, రేఖాంశం 79 దాటి ఉంటాయి కదా, అవి అటూ ఇటూ అయ్యేసరికి రాయలవారి పేరున్న చెరువు కాస్తా ఎగిరి నార్వేకి పైన స్వాల్‌బార్డ్ మంచులో పడింది. నువ్వు కిక్కురుమనలేదు. 79 అక్షాంశం కూడా భూమ్మీద చెల్లేదే, 90 దాటలేదుగా!

జియోప్యాకేజ్ అనే ఇంకో మ్యాపు ఫైలు రకంలో ఇస్తా సార్, ఒకటే ఫైలు, పేర్లకి కోత ఉండదు అంటే, "అవన్నీ వద్దు, షేప్ పంపు" అన్నారు పని చెప్పిన సార్. రేపు పదింటికి ఇవ్వాలి. నీ ఇంటిల్లిపాదినీ జిప్‌లో కట్టి పంపిస్తా, పేర్లు ఇంగ్లీషులోనే పెడతా. ఆ రాయలచెరువుని మాత్రం మంచులోంచి తీసి రామచంద్రాపురం మండలంలో దించనీ సామీ, కింద మడికయ్యలున్నాయి.

ఇట్లు,
లీలామహల్ సర్కిల్‌కి టీ కోసం బయల్దేరిన నీ భక్తుడు